సమష్టిదృష్టి: మంజీర నీరు, బోధను చెఱకు

గడచిన వానకాలమున నొకనాడు మా పాఠశాలలో విజ్ఞానశాస్త్రపు తరగతి జరుగుచుండగా, వెనుకబల్లపై కూర్చున్న యొక బాలిక లేచి యిట్లడిగినది: "అయ్యవారూ, నిన్న కాలువకు నీరు వచ్చినదని మా యమ్మ పసుపు కుంకుమలు చల్లి, గంగమ్మకు మ్రొక్కి వచ్చినది. మీరేమో నీరనగా ఉదజని, ఆమ్లజని యనుచున్నారు. వీనిలో నేది నిజమని వ్రాయవలెను?" తరగతి యంతయు నవ్వినది. అడిగిన పిల్ల మాత్రము నవ్వలేదు. పరీక్షలో రెండవదానినే వ్రాయుమని చెప్పి మేమా గంట గడపితిమి. అది పరీక్షకు సమాధానమే కాని, ప్రశ్నకు సమాధానము కాదు. ఆ బాకీ మామీద నుండిపోయినది. ఈ యేటి సంచికలో నాలుగు పుటలు దొరకినవి గావున దానిని కొంతయైన తీర్చ యత్నింతుము.

విజ్ఞానశాస్త్రము ఒక పదార్థమును తెలిసికొనుటకై దానిని విడదీయును. ఆకును కణములుగను, కణమును అణువులుగను, అణువును పరమాణువులుగను విడదీసి చూచుట మూడు నాలుగు వందల యేండ్లనుండి దానికి అబ్బిన విద్య. ఈ విద్య వలననే మశూచి రూపుమాసినది; ఈ విద్య వలననే దీపములు వెలుగుచున్నవి. దీనిని తక్కువచేసి మాటలాడుట కృతఘ్నత. అయినను విడదీసినంత మాత్రమున తెలియని సంగతులు కొన్ని గలవు. గడియారమును విప్పి చక్రములన్నిటిని బల్లపై పేర్చినచో చక్రములన్నియు కనబడును గాని, కాలము కనబడదు. కాలము చూపుట ఏ యొక్క చక్రము గుణమును గాదు, అవి యొకదానితో నొకటి కలిసియున్న తీరు గుణము.

ఈ కలిసియుండు తీరునే ప్రధానముగా పరిశీలించు శాస్త్రదృష్టి ఇరువదవ శతాబ్దమున బలపడినది. ఆస్ట్రియా దేశమున 1901లో జన్మించిన లుడ్విగ్ ఫాన్ బెర్టలాన్ఫీ యను జీవశాస్త్రవేత్త, ప్రాణిదేహము మూసిన పెట్టె వంటిది కాదనియు, పదార్థము లోనికి వచ్చుచు వెలుపలికి పోవుచు నుండగా ఆకారము మాత్రము నిలుచుచుండు 'తెఱచిన వ్యవస్థ' యనియు నిరూపింపజూచెను. ఈ విషయమై ఆయన వ్రాసిన గ్రంథము 1968లో వెలువడెను. 1948లో నార్బర్టు వీనర్ అను గణితవేత్త, ఒక పని ఫలము తిరిగి వచ్చి ఆ పనినే మార్చు విధమును యంత్రములయందును జంతువులయందును చూపి, దానికొక శాస్త్రమును కట్టెను. దీనినే ఫీడ్‌బ్యాక్ అందురు; మేము తెలుగున 'మరలింపు' అని వాడుకొందుము. దాహము వేసిన నీరు త్రాగుదుము, త్రాగిన దాహము తగ్గును, తగ్గిన త్రాగుట మానుదుము. ఇది కుదుటపరచు మరలింపు. వడ్డి మీద వడ్డి పెరుగుట పెంచు మరలింపు. దీనిని గూర్చి రైతుబిడ్డలకు మేము వివరింప నక్కఱలేదు. 1972లో డొనెల్లా మెడోస్ మున్నగువారు 'పెరుగుదలకు హద్దులు' అను నర్థముగల పేరుతో ప్రకటించిన పుస్తకము ఈ చింతనను లోకమంతట చర్చకు తెచ్చినది.

దీనికి తెలుగున ఏమి పేరు పెట్టవలెనని ఆలోచింపగా, మాకు క్రొత్త పేరు కల్పింపవలసిన పని కనబడలేదు. వేదాంతులు వ్యష్టి, సమష్టి యను రెండు మాటలను ఎన్నో శతాబ్దములనుండి వాడుచున్నారు. సదానందుడు తన వేదాంతసారమున ఈ భేదమును బోధించుటకు తీసికొన్న దృష్టాంతములు రెండు: చెట్లను విడివిడిగా చూచిన వృక్షములు, కలిపి చూచిన వనము, నీటిని విడివిడిగా చూచిన జలములు, కలిపి చూచిన జలాశయము. జలాశయమను మాట వినగానే నిజామాబాదు ప్రాంతమువారికి స్ఫురించునది వేదాంతము కాదు, నిజాంసాగరము. అది మంచిదే. మనమును అక్కడినుండియే ప్రారంభింతము.

మంజీరానది మహారాష్ట్రమున బాలాఘాటు కొండలలో పుట్టి, కర్ణాటకమున బీదరు ప్రాంతమును, పిమ్మట మెదకు సీమను దాటి వచ్చి, కందకుర్తి కడ గోదావరిలో కలియును. ఈ నదికి అచ్చంపేట కడ 1923లో ఆనకట్ట కట్టుట ప్రారంభించి 1931లో ముగించిరి. నవాబు అలీ నవాజ్ జంగ్ బహద్దరుగారు దీనికి ఇంజనీరు. సుమారు 2,75,000 ఎకరములకు నీరందవలెనని వారి సంకల్పము. కాలువ బోధను, నిజామాబాదుల మీదుగా ఆర్మూరు వైపునకు నూటయేబది కిలోమీటరులు పైగా సాగును. వానదేవుని నమ్మి బ్రతికిన మెట్టభూములు తరియైనవి, వరి వచ్చినది, చెఱకు వచ్చినది. చెఱకు వచ్చినది గనుక 1937లో బోధనున నిజాం చక్కెర మిల్లు స్థాపింపబడినది. దాని చుట్టును శక్కర్‌నగరమను నొక యూరే లేచినది. ఒకనాడు ఆసియా ఖండమున మిక్కిలి పెద్ద మిల్లులలో నొకటిగా దానిని చెప్పుకొనెడివారు.

చెఱకును నరకిన పిమ్మట ఒక దినములోగా గానుగ పట్టవలయును. ఆలస్యమైనకొలది గడలోని చక్కెర విడిపోయి గట్టిగా పేరుకొనని తీపిగా మారిపోవును. నూరు టన్నుల చెఱకును ఆడింప సుమారు పది టన్నుల చక్కెర దిగును. మిగిలినది పారవేయుదురా? పిప్పి ముప్పది టన్నుల దాక వచ్చును; దానినే కొలిమిలో వేసి ఆవిరి పుట్టింతురు, ఆ యావిరితోనే యంత్రములు తిరుగును, రసము కాగును. అనగా చెఱకే చెఱకును ఆడించుచున్నది. నాలుగు టన్నుల దాక మొలాసిస్ దిగును. అది సారాయి బట్టీకి పోవును. మూడు టన్నుల దాక మడ్డి మిగులును. అది ఎరువై తిరిగి చేనికే పోవును. చేనినుండి బయలుదేరినది చేనికి చేరినది. ఈ చుట్టులో బండి తోలువాడును, కొలిమి యొద్ద నిలుచువాడును, నరకుడుకై దూరమునుండి వచ్చు కూలిజనమును, వారి పిల్లలు కొన్ని నెలలు బడికి రాకుండుటయు చేరియున్నవి. ఈ చివరిది లెక్కల పుస్తకములలో ఎక్కదు, మా హాజరు పట్టీలో ఎక్కును.

ఇందులో గమనింపదగిన మఱియొక సంగతి గడువు. చెఱకు పది పండ్రెండు నెలల పైరు. ఈ యేడు ధర బాగున్నదని విని రైతు నాటును. గడ కోతకు వచ్చునప్పటికి ఏడాది గడచును. అందఱును నాటియుందురు గావున ధర పడిపోవును, మిల్లులు డబ్బు చెల్లింపలేకపోవును. మరుసటి యేడు రైతులు చెఱకు మానుదురు. అప్పుడు చక్కెర కఱవగును, ధర లేచును. మనదేశమున చక్కెర విషయమై ఈ యెగుడు దిగుడు పలుమారు జరిగినది. రైతు మూర్ఖుడని కొందఱందురు, వర్తకుడు దుష్టుడని మఱికొందఱందురు. వ్యవస్థను చూచువారు ఇరువురిని కొంతసేపు విడిచి, ధర తెలియుటకును పంట చేతికి వచ్చుటకును నడుమనున్న ఆ ఏడాది దూరమును చూపుదురు. మంచివారే కూర్చుండినను ఆ బండి అట్లే ఊగును. తప్పు ఎవనిదని అడుగుటకు ముందు, కట్టుబడి ఎట్టిదని అడుగవలెనను ఈ యలవాటు, మా యెఱుకలో, ఈ చింతన నేర్పు విద్యలన్నిటిలోను మేలైనది.

ఇక సాగరము కథకు వత్తము. కట్టిన కొత్తలో దానియందు సుమారు 29 శతకోటి ఘనపుటడుగుల నీరు పట్టెడిది. నది తెచ్చు ఒండ్రుమట్టిని ఇంజనీర్లు లెక్కవేయకపోలేదు. లెక్కవేసిరి, కాని నిజముగా వచ్చిన మట్టి వారి యంచనాకు పదింతలకు పైబడినది. పట్టు సగమునకు దిగజారగా, గట్టు మట్టమును హెచ్చించియు నేడు 17 శతకోట్లకు కొంచె మెక్కువగా మాత్రమే నిలుపగలుగుచున్నారు. ఆనకట్టను కట్టినవారి పనితనమున లోపము లేదు. ఆ రాతికట్టడము తొంబదియేండ్లు దాటియు నిలిచియున్నది. లోపము చూపు హద్దులో నున్నది. ఎగువ కొండలలో చెట్టు కొట్టినవాడును, వాలు పొలమును దున్నినవాడును తాము బోధను చెఱకునకు నీరు తగ్గించుచున్నామని యెఱుగరు. ఎగువ వర్షమును, ఎగువ మన్నును, ఎగువ మనుష్యులును సాగరములో భాగమే. తరువాత ఎగువన సింగూరు జలాశయము లేచినది. మంజీర నీరు హైదరాబాదు నగరపు దాహము తీర్చుటకు పోయినది. నగరమువారికి దాహము నిజమే. కాలువ చివరి రైతునకు ఎండిన మడియు నిజమే. ఒకే నీటిలో రెండు నిజములు!

కాలువ మొదట నున్నవానికి నీరు సులభము. చివరి ఆయకట్టువాడు రాత్రిళ్లు లాంతరు పట్టుకొని కాలువ గట్టున కాపలా కూర్చుండును. మొదటివాడు ఒక తూము ఎక్కువ ఎత్తినచో వానికి దొంగతనమువలె తోచదు, కొంచెము నీరే గదా యనిపించును. అట్టి కొంచెములు నూరు కలిసినచోట చివరివాని చెఱకు ఎండును. మా విద్యార్థులలో మొదటివారి బిడ్డలును, చివరివారి బిడ్డలును ఒకే బల్లపై కూర్చున్నారు. ఈ సంగతిని మేము తరగతిలో మాటలాడునపుడు గొంతు తగ్గించి మాటలాడుదుము.

ఇప్పుడు ఆ బాలిక తల్లి చల్లిన పసుపు కుంకుమల మాట. భగవద్గీత మూడవ అధ్యాయమున నొక చక్రము చెప్పబడినది: ప్రాణులు అన్నమువలనను, అన్నము వానవలనను, వాన యజ్ఞమువలనను, యజ్ఞము కర్మమువలనను కలుగుచున్నవనియు, ఈ చక్రమును త్రిప్పక తాను మాత్రము తినువాని బ్రతుకు వ్యర్థమనియు అందలి భావము. తైత్తిరీయోపనిషత్తు ఆకాశము మొదలు భూమి వఱకును, భూమినుండి ఓషధులు, అన్నము, పురుషుడు వఱకును ఒక గొలుసును చెప్పును. వీనిని చదివి, మన పూర్వులు వానకు కారణమగు గాలి యొత్తిడులను, సముద్రపు ఆవిరిని అప్పుడే కనుగొనిరని చాటువారు కలరు. మేమట్లు చెప్పజాలము. యజ్ఞధూమమువలన వాన కురియునని కొలిచి చూపినవారు లేరు. గీత చెప్పినది వాతావరణశాస్త్రము కాదు. తీసికొన్నవాడు తిరిగి యీయవలెనను మరలింపు. అన్నము తినువాడు ఆ చుట్టునకు వెలుపల నిలిచి చూచు ప్రేక్షకుడు కాడు, అందులో నొక అంచె. విజ్ఞానము చుట్టును గీసి చూపును. ఆ గీతలో నీవెక్కడ నున్నావని గీత యడుగును. ఈ రెండు పనులు వేఱు. వేఱగుటచేతనే ఒకదానికొకటి కావలసివచ్చుచున్నవి.

మన బోధను ఈ చర్చకు మఱియొక విధముగ తగిన ఊరు. ప్రాచీన అశ్మక దేశమునకు రాజధానియగు పోదనము ఈ ఊరేనని పలువురు పండితుల అభిప్రాయము. బౌద్ధుల సుత్తనిపాతమున బావరి యను వృద్ధబ్రాహ్మణుడు గోదావరి తీరమున అశ్మక సీమలో నివసించుచు, తన సందేహములను తీర్చుకొనుటకై పదునార్గురు శిష్యులను ఉత్తరదేశమునకు బుద్ధుని కడకు పంపిన కథ గలదు. వారు ఎంత దూరము నడచిరో ఊహించుకొనుడు! ఆ బుద్ధుని బోధలో మూలసూత్రము ప్రతీత్యసముత్పాదము: ఇది యున్న అది కలుగును, ఇది లేనిచో అది కలుగదు. ఏ వస్తువును తనంతట తాను నిలువదు, ఒకదాని నొకటి పట్టుకొని నిలుచును. జోయన్నా మేసీ యను అమెరికా విదుషీమణి ఈ సూత్రమును వ్యవస్థాశాస్త్రముతో పోల్చి 1991లో ఒక గ్రంథమే వ్రాసినది. గోదావరి గట్టు నుండి శిష్యులను పంపిన బావరికి ఈ మాట వినబడినచో ఏమనెడివాడో!

బోధనునకు జైనులతోడను పురాతన సంబంధము గలదు. బాహుబలి యేలిన పోదనపురము ఇదియేనని ఐతిహ్యము. జైనుల అనేకాంతవాదము ఒక వస్తువునకు అనేక ముఖములు గలవనియు, ఒక్క ముఖమును చూచి ఇంతేయని పట్టుపట్టరాదనియు బోధించును. ఏనుగును తడవి చూచిన గ్రుడ్డివారి కథ మూడవ తరగతి పిల్లలకును తెలియును. సాగరమును హైదరాబాదు వైపునుండి తడవినవాడును, కాలువ చివరనుండి తడవినవాడును, ఎగువ బీదరు నుండి తడవినవాడును ఆ కథలోనివారే. దేహము ఒక్కటి, అవయవములు పెక్కు, ఒక్క అవయవము నొచ్చిన దేహమంతయు నొచ్చునని మా ప్రార్థనాలయమున పౌలుగారి లేఖనుండి వినుచుండుటయు ఇచ్చట జ్ఞాపకమునకు వచ్చుచున్నది.

ఇంత చెప్పి, వంతెనను ఎక్కడ జాగ్రత్తగా దాటవలెనో చెప్పకున్న మా పని సగమే యగును. దీనికి డిచ్‌పల్లి కుష్ఠాశ్రమము కథ చాలును. 1915లో వెస్లియన్ మిషనుకు చెందిన డాక్టరు ఇసబెల్ కెర్ దొరసానిగారును, ఆమె భర్త జార్జి కెర్ గారును దానిని స్థాపించిరి. నిజామాబాదు వాస్తవ్యులగు నర్సాగౌడుగారు హైందవులయ్యు ధనమిచ్చి ఆదుకొనిరి. అక్కడ రోగులకు తువరక జాతి గింజల నూనెను సూదిమందుగా నెక్కించెడివారు. ఈ తువరక తైలమును కుష్ఠమునకు వాడవలెనని సుశ్రుతుడు ఏనాడో చెప్పియున్నాడు. ఇంత వఱకు చెప్పి చప్పట్లు కొట్టి కూర్చుండువారు కలరు. కాని కథ అక్కడ ముగియలేదు. ఆ నూనె కొందఱకు కొంత మేలు చేసినది, అందఱకు చేయలేదు. 1940ల నుండి సల్ఫోను మందులు వచ్చినవి, 1981లో ప్రపంచ ఆరోగ్యసంస్థ మూడు మందులను కలిపి యిచ్చు పద్ధతిని నిర్ణయించినది, నూనె వెనుకబడినది. పెద్దలు దారి చూపిరి, కొలత దానిని సరిదిద్దినది. పెద్దలు చెప్పినదానిని కొలవరాదన్నను, కొలవబడనిది లేనేలేదన్నను వంతెన ఒక కొన విఱిగినట్లే.

అయితే ఆ రోగులకు మందొక్కటే చాలలేదు. క్రిమి చచ్చినను ఊరివారి భయము చావలేదు. మాని యింటికి పోయినవానిని బావి కడకు రానీయని యూళ్లుండెను. రోగము దేహములో మాత్రము లేదు, ఊరిలోనున్నది. ఆ భాగమునకు సూదిమందు లేదు. అచ్చట అక్కఱకు వచ్చినది, నీవును నేనును ఒకే దేహమందలి అవయవములమను ఆ పాత మాటయే. కావున ఆ బాలికకు మేము ఇప్పుడు చెప్పగల సమాధానమిది: అమ్మా, నీరు ఉదజని, ఆమ్లజనియే, ఇందులో సందేహము లేదు, పరీక్షలో అట్లే వ్రాయుము. మీ యమ్మ మ్రొక్కినది ఉదజనికి కాదు. ఎక్కడో బాలాఘాటు కొండలలో కురిసి, మూడు రాష్ట్రములు దాటి, ఎంతమంది తూములనో తప్పించుకొని మీ మడిదాక వచ్చిన రాకకు ఆమె మ్రొక్కినది. బతుకమ్మ నాడు తంగేడు, గునుగు పూలను చెఱువులో విడుచునపుడును నిండిన చెఱువు తమ కష్టము మాత్రమే కాదని స్త్రీలు ఒప్పుకొనుచున్నారని మేము తలంతుము. ఇక మ్రొక్కి వచ్చి, ప్రక్కవాని వంతు నీటికి తూమెత్తినచో, ఆ మ్రొక్కును గూర్చి మేమేమియు చెప్పజాలము.

చక్కెర మిల్లు సంగతి పెద్దలు అందఱు ఎఱుగుదురు. 2002లో అది ప్రైవేటువారి భాగస్వామ్యములోనికి పోయినది; 2015 డిసెంబరున మూతపడినది. దాని వెంట ఏమేమి మూతపడినవో మా విద్యార్థులచేత నల్లబల్లపై వ్రాయించితిమి. మొదట మిల్లు, కార్మికులు అని వ్రాసిరి. పిమ్మట ఒకడు బండ్ల చక్రములు చేయు వడ్రంగి అన్నాడు. ఇంకొకతె శక్కర్‌నగరపు టీ కొట్టు అన్నది. చెఱకు మాని వరి పెట్టిరి గనుక నీటి వంతులు మారినవని ఒక రైతుబిడ్డ. చెఱకును దూరపు మిల్లులకు తోలుటలో తూకము తగ్గుచున్నదని మఱియొకడు. ఒక పిల్లవాడు చాలసేపు ఊరకుండి, "మా నాయన ఇంటి దగ్గర నుండుట ఎక్కువైనది" అని వ్రాయుమన్నాడు. దానిని ఏ గీతతో దేనికి కలుపవలెనో మాకు తోచక, బల్ల నడుమ వ్రాసి విడిచితిమి.

నీటి గీతలో మాత్రము ఆనాడు ఒక వింత బయటపడినది. చివరి ఆయకట్టునకు సాగరపు నీరు చాలకుండుటచే, అలీసాగరము, గుత్ప ఎత్తిపోతలను కట్టి, నవీపేట, నందిపేటల వైపున గోదావరి నీటిని పైకి తోడి ఆ పొలములకు ఇచ్చుచున్నారు. ఆ గోదావరి నీరు పోచంపాడు కడ కట్టిన శ్రీరామసాగరము వెనుకజలము. ఆ వెనుకజలములో మంజీర కందకుర్తి కడ కలిసియున్నది. కాలువ మొదటివారి పొలములనుండి కారిన నీరు వాగులు పట్టి, నదిలో పడి, అచ్చట చేరియుండును. అనగా మొదటివాడు విడిచిన నీటిలో కొంతయైనను, నలుబది యేబది మైళ్లు తిరిగి, కరెంటు ఖర్చుతో పైకెక్కి, చివరివాని మడికి వచ్చుచున్నది. తూము కడనే విడిచియున్న ఊరకే వచ్చెడిది గదా యని మొదటి ప్రశ్న అడిగిన ఆ బాలికయే అన్నది. ఆమె తండ్రి పొలము కాలువ చివరనున్నదని మాకు ఆ దినమే తెలిసినది.